ఒక్క క్లిక్కు, రెండు ఫొటోలు: పెళ్ళిలో ఫ్లాష్ గన్

ముప్పై ఏళ్ళ కిందటి పెళ్ళి ఆల్బమ్ ఒకటి తీసి చూడండి. పెళ్ళికూతురి ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. పెళ్ళికొడుకు నుదురు నూనె రాసినట్టు మెరుస్తుంటుంది. ఇద్దరి నీడలూ వెనక గోడకి నల్లగా అంటుకుపోయి ఉంటాయి. ఇక అరటి బోదెలు, మామిడాకు తోరణాలు, సీరియల్ బల్బులు, కూర్చున్న రెండొందల మంది జనం మచ్చుకి కూడా కనపడరు. పెళ్ళి బావిలో జరిగిందేమో అనిపిస్తుంది. ఫ్లాష్ కొడితే ఫొటో పాడవుతుందని చాలామందిలో నాటుకుపోయిన అభిప్రాయం ఈ ఆల్బమ్‌ల నుంచి వచ్చిందే. కొత్తగా కెమెరా కొన్న కుర్రాళ్ళు "నేను నేచురల్ లైట్‌లోనే తీస్తానండీ" అని గర్వంగా చెప్పుకోవడం వెనక కూడా సగం ఈ భయమే ఉంటుంది.

నిజానికి ఆ చీకటికి కారణం ఫ్లాష్ కాదు. కెమెరా మీద పెట్టే ఫ్లాష్ లైటు, అదే గన్, ఎలాగూ ఉంది కదా అని మిగతా వెలుతురుని పట్టించుకోకపోవడం. ఈ ముక్క అర్థమైతే ఫ్లాష్ గన్ గురించి తెలుసుకోవాల్సిన దాంట్లో ముప్పాతిక వంతు అయిపోయినట్టే, కాబట్టి కాసేపు ఇక్కడే ఆగుదాం.

గన్ పెట్టి ఒకసారి క్లిక్కు కొట్టారంటే మీరు తీసింది ఒక ఫొటో కాదు, ఒకదాని మీద ఒకటి పడిన రెండు ఫొటోలు. మొదటిది అక్కడ ముందు నుంచీ ఉన్న వెలుతురుతో అయ్యేది. బల్బులు, ఎండ, వీడియో వాళ్ళ లైటు, అన్నీ అందులోవే. రెండోది గన్ మెరుపుతో అయ్యేది. ఈ రెండింటి లెక్కలూ వేరు. గన్ మెరుపు సెకనులో వెయ్యో వంతు అటూఇటూగా అయిపోతుంది. షట్టర్, అంటే కెమెరా తెర తెరుచుకుని ఉండే సమయం, సెకనులో 1/60 దగ్గర ఉన్నా 1/200 దగ్గర ఉన్నా ఆ మెరుపంతా లోపలికి వచ్చేస్తుంది. అంటే షట్టర్ ఎంత మార్చినా ఫ్లాష్ ఫొటో మారదు, మొదటి ఫొటో మాత్రమే మారుతుంది.

కుళాయి కింద బిందె పెట్టారనుకోండి. ఎంతసేపు ఉంచితే అంత నిండుతుంది. మధ్యలో ఎవరో వచ్చి ఒక చెంబుడు నీళ్ళు అందులో గుమ్మరించి పోయారు. బిందె అక్కడ నిమిషమున్నా పది నిమిషాలున్నా ఆ చెంబుడు చెంబుడే. కుళాయి నీళ్ళు హాల్లో ఉన్న వెలుతురు, చెంబుడు నీళ్ళు ఫ్లాష్, బిందె ఉంచిన సమయం షట్టర్. అపర్చర్, అంటే లెన్సులో వెలుతురు దూరే రంధ్రం, బిందె మూతి వెడల్పు లాంటిది, అది తగ్గితే రెండు నీళ్ళూ తగ్గుతాయి (దాని ఎఫ్ అంకె పెరిగినకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). ఐఎస్ఓ, అంటే ఫిల్ము గానీ సెన్సర్ గానీ వెలుతురుకి ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె, కూడా రెండింటినీ కలిపే పెంచుతుంది, కలిపే తగ్గిస్తుంది. ఇక చెంబు ఎంత పెద్దదన్నది గన్ పవర్, ఎంత దూరం నుంచి విసిరారన్నది గన్‌కీ మనిషికీ మధ్య దూరం.

ఇప్పుడు ఆ పాత ఆల్బమ్ లెక్క చూద్దాం. 100 ఐఎస్ఓ ఫిల్ము, ఎఫ్ 8, షట్టర్ 1/125, గన్ ఫుల్ పవర్. ఒక మాదిరి దీపాలున్న పెళ్ళి హాలు కంటికి కనిపించినట్టు ఫొటోలో రావాలంటే ఐఎస్ఓ 1600, ఎఫ్ 4, 1/60 దాకా కావాలి. ఐఎస్ఓలో నాలుగు స్టాపులు, అపర్చర్‌లో రెండు, షట్టర్‌లో ఒకటి, మొత్తం ఏడు స్టాపుల తేడా. ఒక్కో స్టాపుకి రెట్టింపు చొప్పున వేసుకుంటే 128 రెట్లు. హాల్లోని దీపాల వెలుతురులో 128వ వంతు మాత్రమే ఫిల్ముకి చేరింది. అది కనపడకపోవడంలో వింతేముంది? ఆ కాలం ఫొటోగ్రాఫర్‌ని తప్పు పట్టడానికి లేదు లెండి. రీలుకి 36 బొమ్మలు, కడిగేదాకా ఏం వచ్చిందో తెలీదు. ముఖం పడితే చాలనుకున్నాడు, పడింది.

నా అలవాటు చెప్తాను. హాల్లో అడుగుపెట్టగానే గన్ ఆపేసి ఒక ఫొటో తీస్తాను. వెనక దీపాలూ జనం కంటికి కనిపించేదాని కన్నా ఒక స్టాపు తక్కువగా, కొంచెం మసగ్గా వచ్చేలా షట్టర్, అపర్చర్, ఐఎస్ఓ కట్టేసుకుంటాను. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా దీపాలు సెకనుకి వంద సార్లు మినుకుతుంటాయి. అందుకని షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టుకుంటే ఒక ఫొటో పచ్చగా, ఇంకోటి చీకటిగా రాకుండా ఉంటుంది. ఆ తర్వాతే గన్ ఆన్ చేసి, ముఖం సరిగ్గా వెలిగేదాకా గన్ పవర్ ఒక్కటే తిప్పుతాను. మొదటి ఫొటో ముందు, రెండోది తర్వాత. వరస తలకిందులైతే మళ్ళీ బావిలో పెళ్ళే.

దూరం చేసే మోసం

గన్ డబ్బా మీద 60 అని పెద్దక్షరాల్లో ఉంటుంది. దాన్ని గైడ్ నంబర్ అంటారు. ఆ అంకెని అపర్చర్ అంకెతో భాగిస్తే ఐఎస్ఓ 100 దగ్గర ఫుల్ పవర్ ఎన్ని మీటర్ల దాకా సరిపోతుందో తెలుస్తుంది. ఎఫ్ 8 అయితే ఏడున్నర మీటర్లు. అయితే చాలా గన్లకి ఆ 60 అనేది లోపలి జూమ్ 200 మిల్లీమీటర్ల దగ్గర, అంటే వెలుతురునంతా టార్చిలాగా ఇరుకు చేసినప్పటి లెక్క. మామూలుగా మనం వాడే 35 మిల్లీమీటర్ల దగ్గర అదే గన్ 36 చిల్లరకి పడిపోతుంది. కార్ల మైలేజీ ప్రకటనల్లాంటిదే ఇదీ.

ఇంకో సంగతి, గన్ వెలుతురు దూరంతో పాటు తగ్గదు, దూరం వర్గంతో తగ్గుతుంది. రెండు మీటర్ల నుంచి నాలుగు మీటర్లకి జరిగితే వెలుతురు సగం కాదు, పావు వంతే. ఉప్పల్ స్టేడియంలో రాత్రి మ్యాచ్‌కి గ్యాలరీలోంచి ఫోన్ ఫ్లాష్‌లు మెరిపించేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. పిచ్‌కి చేరేది ఏమీ ఉండదు, ముందు వరసలో కూర్చున్నాయన బట్టతల మాత్రం బాగా వెలుగుతుంది.

ఈ లెక్క పెళ్ళిలో ఎక్కువగా తగిలేది గ్రూప్ ఫొటోల దగ్గర. అక్షింతలు వేసి మావయ్యలు, పిన్నులు, వాళ్ళ పిల్లలు మూడు వరసల్లో సర్దుకుంటారు. గన్ ముందు వరసకి మూడు మీటర్లలో, వెనక వరసకి నాలుగున్నర మీటర్లలో ఉందనుకోండి. వెనకవాళ్ళకి అందేది ముందువాళ్ళ వెలుతురులో సగం కన్నా తక్కువ. పిల్లలు తెల్లబోతారు, తాతగారు నల్లబడతారు. గన్‌ని ఆరు మీటర్లకి జరిపితే వెనక వరస ఏడున్నర మీటర్ల దగ్గరుంటుంది, తేడా మూడో వంతుకి దిగుతుంది. పవర్ నాలుగింతలు కావాలి, నిజమే. కానీ ఎవరూ అలగరు. గన్‌ని స్టాండు మీద ఎత్తుగా పెట్టి వెనక వరస వైపు గురిపెట్టడం ఇంకో పద్ధతి. వెలుతురు నడిమధ్య భాగం దూరంగా ఉన్నవాళ్ళకి పోతుంది, దగ్గరున్నవాళ్ళకి అంచు మాత్రమే తగులుతుంది. ఎత్తు నుంచి రావడం వల్ల కళ్ళజోళ్ళలో మెరుపు కూడా కిందకి పోతుంది.

పైకప్పు కథలు

నేరుగా కొట్టిన ఫ్లాష్ ముఖాన్ని చదును చేస్తుంది. గన్ తల అరచేతిలో సగం ఉంటుంది, అంత చిన్న చోటి నుంచి వచ్చే వెలుతురు మొద్దు నీడ వేస్తుంది. వెలుతురు వచ్చే చోటు మనిషికి ఎంత పెద్దగా కనిపిస్తే నీడ అంత మెత్తబడుతుంది. అందుకే గన్ తలని పైకో పక్కకో తిప్పి తెల్లటి గోడ మీద కొడతారు. అప్పుడు దీపం గన్ కాదు, గోడ. దీన్నే బౌన్స్ అంటాం.

ఇంట్లో పది అడుగుల తెల్ల స్లాబు కింద బారసాలో, నలుగు పెట్టడమో అయితే ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. కానీ నేరుగా నెత్తి మీదకి తిప్పి కొట్టకండి. వెలుతురు పై నుంచి పడి కళ్ళు గుంటల్లోకి పోతాయి, కనుబొమల నీడ బొట్టు దాకా పాకుతుంది. గన్ తలని మీ భుజం మీదుగా వెనక్కో, పక్క గోడ మీదకో తిప్పి చూడండి. కిటికీ పక్కన కూర్చున్నప్పటి వెలుతురులాగా ముఖానికి ఒక పక్క నిండుగా, ఇంకో పక్క నెమ్మదిగా నీడలోకి జారుతూ వస్తుంది. వెనక్కి తిరిగి ఉన్న గన్ చూసి "బాబూ, నీ లైటు అటు తిరిగిపోయింది" అని పెద్దవాళ్ళు జాలిగా చెప్తుంటారు. నేను తలాడించి తీస్తుంటాను.

ఫంక్షన్ హాలుకి వచ్చేసరికి ఈ వైభవం ఉండదు. పైకప్పు ఆరు మీటర్ల ఎత్తున ఉంటుంది. వెలుతురు పైకి పోయి తిరిగి కిందకి వచ్చేసరికి తొమ్మిది మీటర్లు దాటిపోతుంది, సున్నం కొంత మింగేస్తుంది. ఐఎస్ఓ 3200 పెడితే తప్ప గన్ ఊపిరి తీసుకోదు. ఈలోగా డెకరేషన్ వాళ్ళు పైకప్పు అంతా ఊదా, గులాబీ బట్టలు చుట్టి ఉంటారు. ఊదా బట్ట మీద కొట్టిన వెలుతురు ఊదాగానే దిగుతుంది. పసుపు రాసిన బుగ్గల మీద ఊదా వెలుతురు పడితే ఏ రంగు వస్తుందో నేను ఒక పెళ్ళిలో స్వయంగా కనిపెట్టాను. ఆ ఆల్బమ్ రంగులు దిద్దడానికి నాలుగు రాత్రులు పట్టింది. అలాంటి చోట బౌన్స్ ఆశ వదులుకుని, స్టాండు మీద తెల్ల అంబ్రెల్లా పెట్టుకోవడమే మంచిది. గోడ దొరకనప్పుడు మన గోడని మనమే మోసుకెళ్ళడం అన్నమాట.

గన్ తలకి తొడిగే ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంటుంది, పాలరంగులో. అది గదిలో వెలుతురుని నాలుగు గోడల మీదకీ చిమ్మి, అవి తిరిగి పంపేలా చేస్తుంది. ఆరుబయట చిమ్మడానికి గోడలే లేవు. ఊరేగింపులో ఆ డబ్బా తొడుక్కుని తీసేవాళ్ళు సగం వెలుతురుని ఆకాశానికి దానం చేస్తున్నట్టు లెక్క. నీడ పిసరంత కూడా మెత్తబడదు.

మధ్యాహ్నం షామియానా కింద తమాషా వేరే. పసుపు గుడ్డలోంచి ఎండ దిగి ముఖాలన్నీ పచ్చగా ఉంటాయి. అక్కడ నేరుగా ఫ్లాష్ కొడితే ముఖం మామూలు రంగులో, చెవుల వెనక నుంచి పచ్చగా వస్తుంది. కామెర్లు తగ్గుతున్నట్టుంటుంది. చిత్రమేమిటంటే ఆ గుడ్డ మీదకే బౌన్స్ కొడితే గన్ వెలుతురు కూడా అదే పసుపు రంగులోకి మారిపోతుంది. రెండు ఫొటోలదీ ఒకటే రంగైపోయింది కాబట్టి వైట్ బ్యాలెన్స్, అంటే ఏ వెలుతురుని తెలుపుగా లెక్కేయాలో కెమెరాకి చెప్పే సెట్టింగు, ఒక్కసారి సరిచేస్తే మొత్తం సరిపోతుంది. లేత పసుపుకి ఇది బాగా పనిచేస్తుంది. ముదురు ఎరుపు షామియానాకి ఏ మందూ లేదు, జంటని బయట చెట్టు నీడకి తీసుకుపోవాల్సిందే.

రంగు గొడవ రాత్రిళ్ళూ ఉంటుంది. వెలుతురు రంగుని కెల్విన్లలో కొలుస్తారు. గన్ వెలుతురు 5500 కెల్విన్ చుట్టూ, పగటి ఎండలా తెల్లగా ఉంటుంది. సీరియల్ బల్బులు, మండపం దీపాలు 3000 చుట్టూ, నెయ్యి దీపంలా ఉంటాయి. ముఖం తెల్లగా పెట్టుకుంటే వెనకంతా నారింజ. గన్ తలకి నారింజ రంగు జెల్ కాగితం అతికించి, కెమెరా వైట్ బ్యాలెన్స్ 3200కి దించితే రెండూ కలిసిపోతాయి. నా మట్టుకు నాకు పూర్తిగా కలిసిపోవడం నచ్చదు. సగం జెల్ వేసి వెనక దీపాలు కాస్త వెచ్చగానే ఉంచుతాను. పెళ్ళి మండపం ఆసుపత్రి వార్డులా తెల్లగా ఉంటే ఏం బాగుంటుంది?

మధుపర్కాలూ తలంబ్రాలూ

గన్ పవర్ ఎంతో కెమెరానే లెక్కేసుకునే పద్ధతిని టీటీఎల్ అంటారు. అసలు ఫ్లాష్‌కి ముందు గన్ చిన్న మెరుపు వేస్తుంది. అది తిరిగొచ్చిన తీరు చూసి కెమెరా పవర్ నిర్ణయిస్తుంది. ఫిల్ము రోజుల్లో ఈ ముందు మెరుపు అక్కర్లేదు. 1975లో వచ్చిన ఒలింపస్ ఓఎమ్-2 అసలు ఫ్లాష్ వెలుగుతుండగానే ఫిల్ము మీద నుంచి తిరిగొచ్చే కాంతిని కొలిచి, చాలనుకోగానే గన్‌ని ఆపేసేది. డిజిటల్ సెన్సర్ ఫిల్ములాగా కాంతిని తిప్పి పంపదు కాబట్టి ముందు మెరుపు మొదలైంది. దాంతో పాటే కళ్ళు మూసుకునే రోగం కూడా. కొందరికి రెప్ప పడే వేగం ఎక్కువ. ముందు మెరుపుకి రెప్ప కదిలి, అసలు మెరుపు వేళకి సరిగ్గా మూసుకుంటుంది. "మా అత్తయ్య ఏ ఫొటోలోనూ కళ్ళు తెరవదు" అని నవ్వుకుంటారు గానీ పాపం ఆవిడ తప్పేం లేదు. గన్‌ని మాన్యువల్‌లో పెట్టి, పవర్ మనమే తిప్పుకుని తీస్తే ముందు మెరుపే ఉండదు.

కెమెరాకి ఇంకో చాదస్తం ఉంది. లోకమంతా బూడిద రంగులో ఉంటుందని అది నమ్ముతుంది. ఎర్రంచు తెల్ల మధుపర్కాల్లో ఉన్న జంటని చూపిస్తే, అబ్బో ఇంత తెలుపా అని పవర్ తగ్గించేస్తుంది. బట్టలు బూడిద రంగుకి తిరిగి, ముఖాలు మాడిపోతాయి. రిసెప్షన్‌లో నల్ల సూటు చూపిస్తే చీకటనుకుని పవర్ పెంచుతుంది, ముఖాలు తెల్లబోతాయి. అందుకని టీటీఎల్ వాడేటప్పుడు మధుపర్కాలకి ఫ్లాష్ కాంపెన్సేషన్ ప్లస్ ఒకటి దాకా, సూటుకి మైనస్ ముప్పాతిక దాకా చెప్పిపెట్టాలి. నేను కదిలే చోట టీటీఎల్, కదలని చోట మాన్యువల్ వాడతాను. ఎదురుకోలు, అప్పగింతలప్పుడు మనుషులకీ నాకూ మధ్య దూరం క్షణక్షణం మారుతుంది, లెక్కలేసే తీరిక ఉండదు. జీలకర్ర బెల్లం వేళకి తెర ఎక్కడుందో, ఎవరు ఎక్కడ కూర్చున్నారో అరగంట ముందే తెలుసు. తెర దించే ఆ ఒక్క క్షణం టీటీఎల్‌కి వదిలేయడం నాకు భయం.

తలంబ్రాలు ఫ్లాష్‌కి అసలు పరీక్ష. దోసిలి నుంచి ముప్పై సెంటీమీటర్లు జారేసరికి బియ్యపు గింజ సెకనుకి రెండున్నర మీటర్ల వేగం అందుకుంటుంది. 1/200 షట్టర్‌లో అది పన్నెండు మిల్లీమీటర్లు కదులుతుంది, అంటే గింజ పొడవుకి రెట్టింపు. ఫొటోలో గింజలుండవు, గీతలుంటాయి. ఇక్కడ గన్‌లో ఉన్న ఒక గుణం పనికొస్తుంది. గన్ పవర్ తగ్గించడమంటే మెరుపుని మసక చేయడం కాదు, మధ్యలో తుంచేయడం. ఫుల్ పవర్‌లో మెరుపు సెకనులో సుమారు మూడువందలో వంతు ఉంటే, అట్టడుగు పవర్‌లో ఇరవై వేలో వంతు దాకా కురచైపోతుందని చాలా గన్లకి రాసి ఉంటుంది. పవర్ తక్కువ ఉన్నకొద్దీ కదలిక గట్టిగా ఆగిపోతుంది. సెకనులో అయిదు వేలో వంతులో ఆ గింజ కదిలేది అర మిల్లీమీటరే. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆచార్యుడు హెరాల్డ్ ఎడ్జర్టన్ పాలచుక్క పడి కిరీటంలా లేచిన క్షణాన్ని 1957లో పట్టింది కూడా ఇలాంటి కురచ మెరుపుతోనే, షట్టర్ వేగంతో కాదు.

కాబట్టి తలంబ్రాలకి గన్ దగ్గరగా, ఐఎస్ఓ కొంచెం ఎక్కువగా, పవర్ 1/16 కన్నా కింద. ఒకటి చాలకపోతే రెండు గన్లు చెరో పక్క. హాలు వెలుతురుని మూడు స్టాపులు కిందకి తొక్కేయాలి, లేకపోతే ఆగిన గింజ పక్కనే దాని గీత కూడా మసగ్గా పడుతుంది. చిక్కంతా వీడియో వాళ్ళ లైటుతోనే. ఒకప్పుడు సన్ గన్, ఇప్పుడు ఎల్ఈడీ ప్యానెల్. అది మీ లెక్కలో కుళాయి నీళ్ళ కిందకి వస్తుంది, చెంబు కిందకి కాదు. వీడియో ఆయనతో తలంబ్రాలకి ముందే ఓ మాట అనుకుని, లైటు అయిదడుగులు వెనక్కి జరిపించుకోవడం ఏ సెట్టింగు కన్నా బాగా పనిచేస్తుంది. కాఫీ ఇప్పిస్తే ఇంకా బాగా పనిచేస్తుంది.

మట్టి రంగుకి, నల్ల రంగుకి కూడా ఓ మాట. పెళ్ళికూతుర్ని తెల్లగా చూపించమని పవర్ పెంచమనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పవర్ పెంచితే పోయేది నలుపు కాదు, ముఖం. ముక్కుపుడక చుట్టూ ఉండే సన్నటి వెలుగు, చెంప మీద పసుపు, కాటుక అంచు, అన్నీ కొట్టుకుపోతాయి. ముదురు రంగు చర్మం మీద పక్క నుంచి పడిన పెద్ద వెలుతురు ఇచ్చే మెరుపు లేత రంగు మీద రాదు. ఆ అవకాశాన్ని ఎందుకు చెడగొట్టుకోవాలి?

ఎండలో, ఊరేగింపులో

పట్టపగలు ఫ్లాష్ ఎందుకంటారా? ఫ్లాష్ ఎక్కువగా కావల్సింది అప్పుడే. నడినెత్తిన ఎండ కళ్ళ కింద గుంటలు చేస్తుంది. సూర్యుడి వైపు తిప్పితే జంట కళ్ళు చికిలిస్తుంది, వెనక పెట్టుకుంటే ముఖం నీడలో పడుతుంది. వెనక పెట్టుకుని, ముఖానికి గన్ సాయం ఇవ్వడమే దారి.

అక్కడ ఎదురయ్యేది సింక్ స్పీడ్ అనే గోడ. షట్టర్లో రెండు తెరలుంటాయి. ముందు తెర దిగి సెన్సర్‌ని తెరుస్తుంది, వెనక తెర వచ్చి మూసేస్తుంది. 1/200 దాకా, కొన్ని కెమెరాల్లో 1/250 దాకా, రెండు తెరల మధ్యా సెన్సర్ మొత్తం తెరిచి ఉన్న ఒక క్షణం దొరుకుతుంది. గన్ ఆ క్షణంలో మెరుస్తుంది. అంతకన్నా వేగం పెంచితే ముందు తెర పూర్తిగా దిగకముందే వెనకది బయల్దేరుతుంది, మధ్యలో సందు మాత్రమే పాకుతుంది. మెరుపు ఆ సందులోంచే పడుతుంది కాబట్టి అడ్డంగా తీసిన ఫొటోలో పైనో కిందో నల్లటి పట్టీ వస్తుంది. గన్‌ని ఒక్కసారి కాకుండా, సందు పాకినంతసేపూ చకచకా మినుకుతూ ఉండేలా చేస్తే అది హై స్పీడ్ సింక్. 1986లో ఒలింపస్ ఓఎమ్-4టీఐతో పాటు వచ్చిన ఎఫ్280 గన్ దీనికి దారి వేసింది.

దీనికి మూల్యం ఉంది. అంతసేపు మినుకుతూ ఉండే వెలుతురులో సందులోంచి లోపలికి పోయేది కొంతే, మిగతాది షట్టర్ తెరల మీద పడి వృథా. బిందె చెంబు లెక్క ఇక్కడ చెడుతుంది, చెంబు కూడా కుళాయి అయిపోతుంది, షట్టర్ పెంచినకొద్దీ ఫ్లాష్ కూడా తగ్గుతుంది. లెక్క కట్టి చూడండి. నిండు ఎండకి ఐఎస్ఓ 100 దగ్గర 1/200, ఎఫ్ 11 కావాలి. గైడ్ నంబర్ 36 ఉన్న గన్ ఎండతో సరితూగాలంటే మూడుంపావు మీటర్ల లోపే ఉండాలి, అదీ ఫుల్ పవర్లో, నేరుగా. సాఫ్ట్‌బాక్స్ అనే వెలుతురు మెత్తబరిచే గుడ్డ పెట్టె తొడిగితే ఇంకా సగం దూరానికి రావాలి. ఇక వెనక అంతా మసకబారే ఎఫ్ 2.8 కావాలని హై స్పీడ్ సింక్ పెట్టారా, గన్ పెళ్ళికొడుకు భుజం మీద కూర్చోవాలి. చాలామంది మధ్యాహ్నం పన్నెండింటికి ప్రీ వెడ్డింగ్ షూట్ పెట్టుకుని గన్‌ని తిడుతుంటారు. సాయంత్రం అయిదున్నరకి ఎండ పదో వంతుకి తగ్గాక అదే గన్ బంగారంలా పనిచేస్తుంది.

విశాఖ బీచ్‌లో ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచి పైకి వస్తాడు గానీ సముద్రంలో అస్తమించడు. సముద్రం, సూర్యుడు, జంట ఒకే ఫ్రేములో కావాలంటే తెల్లారకముందే లేవాలి. పెళ్ళికూతుళ్ళు మేకప్‌కి మూడింటికి లేవడానికి ఒప్పుకుంటే అంతకన్నా మంచి ఫ్లాష్ వేళ లేదు. సూర్యుడు లేచిన మొదటి పావుగంటలో గన్ 1/8 పవర్‌తో సూర్యుణ్ణి గెలుస్తుంది.

ఊరేగింపు దీనికి పూర్తిగా తిరగేసిన వ్యవహారం. చీకటి, రంగు దీపాలు, బ్యాండు, చిందులు. ఇక్కడ కుళాయిని కావాలనే ఎక్కువసేపు విప్పాలి. షట్టర్ 1/8 దాకా దింపి కెమెరాని కాస్త ఊపితే దీపాలు గీతలు గీతలుగా సాగుతాయి, మధ్యలో గన్ మెరుపు ముఖాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది. మామూలుగా గన్ షట్టర్ తెరవగానే మెరుస్తుంది. అప్పుడు గీతలు మనిషికి ముందు వైపు పడి, కారు వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది. రియర్ కర్టెన్ సింక్ పెడితే షట్టర్ మూసుకునే ముందు మెరుస్తుంది, గీతలు వెనకపడతాయి, బండి ముందుకి పోతున్నట్టుంటుంది. పదిలో ఏడు పాడవుతాయి. మిగిలిన మూడింటిలో ఒకటి ఆల్బమ్ అట్ట మీదకి పోతుంది.

గన్‌ని కెమెరా మీద నుంచి దింపి, రేడియో ట్రిగర్‌తో పేల్చడం మొదలుపెట్టాక వెనక్కి వెళ్ళలేరు. హోమం పొగ వెనకాల గన్ దాచి పెడితే పొగ పాలనురుగులా వెలుగుతుంది, ముందు నుంచి కొడితే అదే పొగ ముఖాలకి అడ్డుతెర. ఒకే ఒక్క జాగ్రత్త: ట్రిగర్ ఛానల్ మార్చుకోండి. కింద హాల్లో ఒక పెళ్ళి, పై హాల్లో ఇంకో పెళ్ళి, ఇద్దరి దగ్గరా అదే రకం ట్రిగర్, ఇద్దరివీ కొన్ననాటి ఛానల్ ఒకటిలోనే. ఆ రాత్రి నా గన్ పై అంతస్తు వాళ్ళ చెప్పుచేతల్లో గంటసేపు నడిచింది. బ్యాటరీ సగానికి దిగాక గానీ నాకు అనుమానం రాలేదు.

బ్యాటరీల మాట వచ్చింది కాబట్టి, పెన్సిల్ సెల్స్ వాడే గన్ అయితే రీఛార్జబుల్ నికెల్ సెల్స్ కొనండి. వోల్టు లెక్కలో మామూలు ఆల్కలైన్ వాటి కన్నా తక్కువ కనిపించినా, అవి కరెంటుని ధారాళంగా వదులుతాయి, గన్ త్వరగా మళ్ళీ సిద్ధమవుతుంది. ఇక కూచిపూడి ప్రదర్శనలో, గర్భగుడి ముందు, పాత గుహల బొమ్మల దగ్గర గన్ సంచిలోనే ఉండాలి. వేదిక మీద దీపాలు పెట్టినాయన గంటల తరబడి ఆలోచించి పెట్టుంటాడు, మీ మెరుపు దాన్ని తుడిచేస్తుంది.

చివరిగా అరుంధతి. పెళ్ళి పగలైతే పురోహితుడు మిట్టమధ్యాహ్నం ఆకాశంలోకి వేలు చూపించి "కనపడిందా అమ్మా" అంటాడు, పిల్ల సిగ్గుపడి "ఆఁ" అంటుంది. ఆ ఫొటోకి మామూలు గన్ చాలు. కానీ వైశాఖంలో, జ్యేష్ఠంలో ముహూర్తమైతే రాత్రి పూట సప్తర్షి మండలం ఉత్తరాన ఎత్తుగా నిజంగానే ఉంటుంది, వశిష్ఠుడి పక్కన అరుంధతి కంటికి ఆనుతుంది. మార్గశిరంలో అయితే తెల్లవారుజాము దాకా ఆగాలి. పల్లెటూరి డాబా మీద సీరియల్ బల్బులు కాసేపు ఆపించి, ట్రైపాడ్ మీద 24 మిల్లీమీటర్ల లెన్సు, ఐఎస్ఓ 1600, ఎఫ్ 2.8, షట్టర్ ఎనిమిది సెకన్లు పెట్టండి. నక్షత్రాల ఫొటో కుళాయి పని. జంట ముఖాలు చెంబు పని. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఈ సెట్టింగుల్లో ఫుల్ పవర్ గన్ యాభై మీటర్ల అవతలి మనిషిని కూడా వెలిగిస్తుంది, మీ జంట మూడు మీటర్లలో ఉంది. 1/128 పవర్ కూడా ఎక్కువే. తెల్ల చేతిరుమాలు రెండు మడతలు పెట్టి గన్ తలకి కట్టండి, సరిపోతుంది.

మెరుపు అయిపోగానే ఫొటో అయిపోయిందనుకుని జంట పక్కకి నడిచిపోతారు. వాళ్ళు ఖాళీ చేసిన చోట మిగతా ఏడు సెకన్లూ ఆకాశం పడుతూనే ఉంటుంది. అందుకని ఎనిమిది దాకా పైకి లెక్కపెట్టమని పురోహితుడికే చెప్తాను. ఆయన గొంతుకి ఎవరూ కదలరు. కదిలిన ఒక్కసారి మాత్రం సప్తర్షుల్లో ఒకాయన పెళ్ళికొడుకు చెవిలోంచి తొంగిచూశాడు.